అంగారకుడి రోవర్ ఫొటోలతో రంగుల పనోరమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అంగారకుడి మీద తిరిగే రోవర్లు పంపే ముడి ఫొటోలను ఇంట్లో కూర్చుని అతికించి, రంగులు కలిపి, పెద్ద దృశ్యాలుగా తయారు చేసే ఔత్సాహికులు చాలా దేశాల్లో ఉన్నారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. వరుసగా చదవాలనేం లేదు. రంగుల గురించిన భాగాన్ని మాత్రం దాటేయకండి, తగాదాలన్నీ అక్కడే వస్తాయి.

నాసా వాళ్లే పనోరమాలు విడుదల చేస్తున్నారు కదా, మళ్లీ మనం చేయడం ఎందుకు?

విడుదల చేస్తారు, కానీ అన్నిటినీ చేయరు. రోవర్ ఆగిన చోటల్లా చుట్టూ ఫొటోలు తీస్తుంది. వాటిలో చాలావరకు మర్నాటి దారి చూసుకోవడానికో, ఏ రాయిని పరిశీలించాలో తేల్చుకోవడానికో తీసినవి. ఆ అవసరం తీరగానే బృందం తర్వాతి పనిలో పడిపోతుంది. ఆ ఫొటోలు సర్వర్లలో అలాగే ఉండిపోతాయి. ఆపర్చునిటీ అనే రోవర్ 14 ఏళ్లలో 45 కిలోమీటర్లు నడిచింది. ఆ దారి పొడవునా తీసిన ఫొటోల్లో అధికారిక పనోరమాలుగా రంగుల్లో బయటికొచ్చినవి కొన్నే.

తొందర కూడా ఒక కారణం. ముడి ఫొటోలు భూమికి చేరిన కొద్దిసేపటికే అందరికీ కనబడతాయి. అధికారిక పనోరమా రంగులు సరిచూసుకుని వచ్చేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతవరకు ఆగలేనివాళ్లు సొంతంగా మొదలుపెడతారు. అన్నిటికీ మించి ఇందులో సరదా ఉంది. వేరే కారణం లేకపోయినా ఫరవాలేదు.

దీనికి అనుమతి కావాలా? సైన్సు చదివి ఉండాలా?

రెండూ అక్కర్లేదు. గతంలో అంతరిక్ష నౌకలు పంపిన డేటాను శాస్త్రవేత్తలు కొన్ని నెలలు తమ దగ్గరే ఉంచుకుని, వ్యాసాలు రాసుకున్నాక బయటపెట్టడం మామూలు. 2004 జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ దిగినప్పుడు ఆ పద్ధతి మారింది. ఆ మిషన్ శాస్త్ర బృందానికి అధిపతి స్టీవ్ స్క్వయర్స్, పాన్‌క్యామ్ కెమెరా బాధ్యుడు జిమ్ బెల్. వాళ్ల హయాంలో ఫొటోలను వచ్చినవి వచ్చినట్టు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఈ అభిరుచి ఇంతగా పెరగడానికి ఆ నిర్ణయమే కారణం. 2012లో దిగిన క్యూరియాసిటీ, 2021లో దిగిన పర్సెవరెన్స్ కూడా అదే పద్ధతిలో నడుస్తున్నాయి.

బ్రిటన్‌లో ఈ సరదాతోనే మొదలైన డగ్ ఎల్లిసన్ ఆ తర్వాత నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ (జేపీఎల్)లో చేరి, క్యూరియాసిటీ ఇంజినీరింగ్ కెమెరాల బృందానికి నాయకుడయ్యాడు. అలాంటి అవకాశం అందరికీ వస్తుందని చెప్పను. ఔత్సాహికుల పనిని అక్కడివాళ్లు కూడా చూస్తుంటారని మాత్రం గుర్తుంచుకోండి.

ముడి ఫొటోలు, ఆర్కైవ్ ఫొటోలు అంటుంటారు. తేడా ఏమిటి?

ముడి ఫొటోలంటే నాసా మిషన్ పేజీల్లో రోజూ వచ్చి చేరేవి. వీటిలో చాలావరకు జేపెగ్‌లు, పర్సెవరెన్స్‌వి పీఎన్‌జీలు. వెంటనే దొరకడం వీటి లాభం. ఆర్కైవ్ అంటే ప్లానెటరీ డేటా సిస్టమ్. ఇక్కడికి ఫొటోలు కొన్ని నెలలు ఆలస్యంగా వస్తాయి. కానీ కుదింపులో పోయిన వివరం తక్కువగా ఉంటుంది, ఎక్స్‌పోజర్ ఎంత, కెమెరా ఏ దిక్కుకు తిరిగి ఉంది, సూర్యుడు ఎక్కడున్నాడు అన్న వివరాలన్నీ వెంట ఉంటాయి. శాస్త్రీయంగా సరిదిద్దిన ప్రతులు కూడా దొరుకుతాయి.

సరదాకి ముడి ఫొటోలు చాలు. రంగు నమ్మదగ్గట్టు రావాలంటే ఆర్కైవ్‌కు వెళ్లాల్సిందే. స్పిరిట్, ఆపర్చునిటీల విషయంలో ఇది మరీ నిజం. ఎందుకో కింద చెబుతాను.

ఫొటోలన్నీ నలుపు తెలుపులో ఉన్నాయి. మరి రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

స్పిరిట్, ఆపర్చునిటీల పాన్‌క్యామ్‌కు రెండు కళ్లు. ఒక్కో కంటి వెనక 1024 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న సెన్సర్ ఉంటుంది. అది వెలుతురు ఎంత పడిందో కొలుస్తుంది తప్ప రంగును గుర్తించదు. ప్రతి కంటి ముందూ ఎనిమిది గళ్ల ఫిల్టర్ చక్రం ఉంటుంది. ఎడమ కంటి ఫిల్టర్లలో ఎల్2 753 నానోమీటర్ల దగ్గర, ఎల్4 601 దగ్గర, ఎల్5 535 దగ్గర, ఎల్6 482 దగ్గర, ఎల్7 432 దగ్గర వెలుతురును పోనిస్తాయి. అంటే పరారుణం అంచు నుంచి నారింజ, ఆకుపచ్చ, నీలం మీదుగా ఊదా దాకా. ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఫిల్టర్లతో తీసిన మూడు ఫొటోలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలో పెడితే రంగు ఫొటో తయారవుతుంది.

శాస్త్రవేత్తలు ఫిల్టర్లను ఎంచుకునేది మన కంటి కోసం కాదు, ఖనిజాల కోసం. చాలా పనోరమాలకు వాళ్లు తీసిన మూడు ఫిల్టర్లు ఎల్2, ఎల్5, ఎల్7. ఇందులో ఎల్2 మన కంటికి దాదాపు కనబడని పరారుణం. దాన్ని ఎరుపు స్థానంలో పెడితే ఫొటో అందంగానే ఉంటుంది, కానీ మనం అక్కడ నిలబడితే కనిపించే రంగు అది కాదు. ఎల్4, ఎల్5, ఎల్6 మూడూ ఉన్న సెట్ దొరికితే మీ అదృష్టం, కంటికి దగ్గరగా ఉండే కూర్పు వాటితోనే వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆ రెండు రోవర్ల ముడి జేపెగ్‌లను వెబ్‌లో పెట్టేటప్పుడు ఒక ప్రోగ్రామ్ ఒక్కో ఫొటో కాంట్రాస్ట్‌ను దానికదే సాగదీసేది. మసకగా ఉన్న నీలం ఫొటో, బాగా వెలుతురున్న ఎరుపు ఫొటో రెండూ ఒకే స్థాయిలో కనబడతాయి. అలా ఒక ఛానెల్‌కీ ఇంకో దానికీ మధ్య ఉండాల్సిన నిష్పత్తి పోతుంది. ముడి జేపెగ్‌లను నేరుగా కలిపితే ఆకాశం ఒకసారి ఆకుపచ్చగా, ఇంకోసారి నీలంగా వచ్చేది ఇందుకే. మీ చేతిలో తప్పేం లేదు. ఒక్కో ఛానెల్ వెలుతురును చేత్తో సరిదిద్దుకోవాలి, లేకపోతే ఆర్కైవ్‌లోని సరిదిద్దిన ప్రతి తెచ్చుకోవాలి.

ఫైలు పేర్లు చూస్తేనే టెన్షన్ వస్తోంది. ఎలా చదవాలి?

పాన్‌క్యామ్ పేరులో మొదటి అంకె రోవర్‌ది: 2 అంటే స్పిరిట్, 1 అంటే ఆపర్చునిటీ. పక్కనున్న పి అక్షరం పాన్‌క్యామ్‌ది. తర్వాతి తొమ్మిది అంకెలు రోవర్ గడియారం, సెకన్లలో. ఆ వెంటనే వచ్చే మూడు అక్షరాలు ఈఎఫ్ఎఫ్ అయితే పూర్తి ఫ్రేము, ఈటీహెచ్ అయితే చిన్న నమూనా బొమ్మ. చివర్లో ఎల్ లేదా ఆర్, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. అది ఏ కన్ను, ఏ ఫిల్టర్ అన్నది. గడియారం అంకెలు దగ్గరదగ్గరగా ఉండి, ఫిల్టర్ ఒక్కటే మారుతుంటే అవి ఒకే దృశ్యానికి చెందినవి.

క్యూరియాసిటీ స్తంభం మీదున్న జంట కెమెరా మాస్ట్‌క్యామ్. దాని ఫైలు పేర్లు సోల్ సంఖ్యతో మొదలవుతాయి. సోల్ అంటే అంగారకుడి మీద ఒక రోజు, 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. తర్వాత వచ్చే ఎంఎల్ ఎడమ కెమెరా, ఎంఆర్ కుడి కెమెరా.

క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ ఫొటోలు ముందే రంగులో వస్తున్నాయి. ఇక మనం చేసేదేముంది?

వీటి సెన్సర్ మీద మన ఫోన్ కెమెరాల్లో ఉన్నట్టే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల వల ఉంటుంది. దాన్ని బేయర్ ప్యాటర్న్ అంటారు. చాలా ఫొటోలు రంగులోనే వస్తాయి. కొన్ని మాత్రం ఆ వల విడదీయకుండా, బూడిద రంగులో సన్నటి గళ్ల గుడ్డలా వస్తాయి. వాటిని డీబేయర్ చేయాలి. సాఫ్ట్‌వేర్‌కు వల ఏ మూల నుంచి మొదలవుతుందో చెబితే మిగతాది అదే చూసుకుంటుంది.

క్యూరియాసిటీకి ఎడమ కన్ను 34 మిల్లీమీటర్ల లెన్సు, కుడి కన్ను 100 మిల్లీమీటర్లది. కుడి కంటికి వివరం దాదాపు మూడు రెట్లు ఎక్కువ, చూపు అంతే ఇరుకు. చుట్టూ ఉన్న దృశ్యాన్ని కుడి కంటితో తీయాలంటే చాలా ఫ్రేములు కావాలి కాబట్టి, చాలాసార్లు ఎడమ కంటితో మొత్తం తీసి, కుడి కంటితో ముఖ్యమైన చోట్లు మాత్రమే తీస్తారు. రెండూ కలిపి వాడాలంటే ఒక స్థాయికి తెచ్చుకోవాలి. పర్సెవరెన్స్ మాస్ట్‌క్యామ్-జెడ్‌లో ఈ బాధ తీరింది. దాని రెండు కళ్లకూ 26 నుంచి 110 మిల్లీమీటర్ల దాకా జూమ్ ఉంది.

పర్సెవరెన్స్ దారి చూసుకునే కెమెరా నావ్‌క్యామ్ సంగతి వేరు. దాని సెన్సర్ 5120 పిక్సెళ్ల వెడల్పు, 3840 ఎత్తు. పూర్తి వివరంతో పంపాల్సి వస్తే ఫొటోను 1280కి 960 ముక్కలుగా చేసి పంపుతారు. అంటే పనోరమా మొదలుపెట్టక ముందే ఒక్కో ఫ్రేమును ముక్కల నుంచి కట్టుకోవాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇదే అన్నిటికంటే మంచి ముడిసరుకు.

మొదటిసారి చేసేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

క్యూరియాసిటీ ఎడమ మాస్ట్‌క్యామ్ రంగు ఫొటోలు నాలుగైదు. దూరంగా కొండలున్నవి, రోవర్ శరీరం కనిపించనివి, వరుసగా ఒకే సమయంలో తీసినవి. గేల్ బిలం మధ్యలో దాదాపు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున లేచిన మౌంట్ షార్ప్ వైపు చూసే సెట్లు చాలా ఉన్నాయి. మొదటి ప్రయత్నంలోనే 360 డిగ్రీలు పెట్టుకోకండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

అతికించడానికి హ్యూగిన్. ఉచితం, కాస్త మొండిది, కానీ అన్నీ మన చేతిలో ఉంటాయి. డబ్బు పెట్టగలిగితే పీటీగుయ్ వేగంగా పని చేస్తుంది. మైక్రోసాఫ్ట్ ఐస్ చాలామందికి ఇష్టం, కానీ కంపెనీ దాన్ని ఆపేసింది. రంగులకు గింప్ గానీ ఫొటోషాప్ గానీ సరిపోతుంది. కోడింగ్ వచ్చినవాళ్లు పైథాన్‌తో డౌన్‌లోడ్, డీబేయర్, ఛానెళ్లు కలపడం అన్నీ ఒకేసారి చేయించేస్తారు.

హ్యూగిన్‌కు లెన్సు వివరం చేత్తో ఇవ్వాలి, ఎందుకంటే ఈ ఫొటోల్లో మామూలు కెమెరా సమాచారం ఉండదు. పాన్‌క్యామ్ అయితే చూపు వెడల్పు 16 డిగ్రీలు. ఈ ఒక్క అంకె తప్పుగా ఇస్తే దిగంతం విల్లులా వంగిపోతుంది.

దూరపు కొండలు బాగానే కలుస్తున్నాయి, దగ్గరి రాళ్లు మాత్రం రెండుగా కనిపిస్తున్నాయి. ఎందుకు?

పారలాక్స్ వల్ల. కెమెరాలు రోవర్ మీది స్తంభం తలకు రెండు వైపులా ఉంటాయి. తల తిరిగినప్పుడు కెమెరా ఉన్నచోటే తిరగదు, కొద్దిగా పక్కకు జరుగుతుంది. పాన్‌క్యామ్ రెండు కళ్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, కాబట్టి ఒక్కో కన్ను ఇరుసుకు సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో తిరుగుతుంది. కిలోమీటరు దూరంలోని కొండకు ఈ తేడా తెలియదు. చక్రం పక్కనున్న రాయికి, రోవర్ సౌర ఫలకాలకు, కేబుళ్లకు బాగా తెలుస్తుంది.

దీనికి పూర్తి మందు లేదు. అతుకు గీత ఎక్కడ పడాలో మనమే నిర్ణయించుకోవాలి. రాయి మధ్యలోంచి కాకుండా ఇసుక మీదుగా గీత పోయేలా మాస్కులు గీయాలి. కంట్రోల్ పాయింట్లను, అంటే రెండు ఫొటోల్లోనూ కనిపించే ఒకే చోటికి పెట్టే గుర్తులను, దూరంగా ఉన్నవాటి మీద, నేల మీద విడివిడిగా పెట్టి ఏది బాగా కలుస్తోందో చూడాలి. ఎడమ కన్ను, కుడి కన్ను ఫొటోలను ఒకే వరుసలో కలిపితే సమస్య రెట్టింపవుతుంది. రోవర్ పైభాగం ఉన్న ఫ్రేములకే సగం సమయం పోతుంది. కొందరు ఆ భాగాన్ని కత్తిరించేస్తారు, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఒక్కో ఫ్రేము ఒక్కో వెలుతురులో ఉంది. ఆకాశం చారలు చారలుగా వస్తోంది.

నా లెక్కలో అసలు కష్టం ఇదే. అతికించడం సాఫ్ట్‌వేర్ నేర్చేసుకుంది, వెలుతురును ఇంకా నేర్చుకోలేదు.

ముందు లెన్సు వల్ల వచ్చేది: ఫ్రేము మధ్య కంటే మూలలు కాస్త చీకటిగా ఉంటాయి. నేల మీద అది కనబడదు, నున్నటి ఆకాశంలో దాచలేం. దీనికి ఫ్లాట్ ఫీల్డ్ సవరణ చేయాలి. ఆకాశం మాత్రమే ఉన్న చాలా ఫ్రేముల సగటు తీసి, ఆ ఛాయతో ప్రతి ఫ్రేమునూ భాగించాలి.

తర్వాత సూర్యుడు. పెద్ద పనోరమా ఒక్క పూటలో అవదు. క్యూరియాసిటీ 2019 నవంబర్ 24 నుంచి డిసెంబర్ 1 దాకా గ్లెన్ టొరిడన్ దగ్గర వెయ్యికి పైగా ఫొటోలు తీసింది. వాటితో 180 కోట్ల పిక్సెళ్ల పనోరమా తయారైంది. అమెరికాలో బృందం థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఉండటంతో రోవర్ కదలకుండా ఆ పని చేసుకోగలిగింది. వెలుతురు ఒకేలా ఉండాలని రోజూ అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల మధ్యే తీశారు. అంత జాగ్రత్త తీసుకోని సెట్లలో ఒక రాయి నీడ ఎడమకు, పక్క ఫ్రేములోని రాయి నీడ కుడికి ఉంటుంది. నీడలను మనం మార్చలేం. వెలుతురు స్థాయిని మాత్రం ఒక మంచి ఫ్రేమును ఆధారంగా పెట్టుకుని, మిగతావాటిని దానికి సరితూగేలా ఒక్కొక్కటిగా సవరించుకోవచ్చు. ఆటోమేటిక్ బ్లెండింగ్‌ను మరీ ఎక్కువ నమ్మితే ఆకాశంలో నిజంగా ఉన్న తేడా కూడా చెరిగిపోతుంది. సూర్యుడి వైపు ఆకాశం, దానికి ఎదురు వైపు ఆకాశం నిజంగానే ఒకలా ఉండవు.

అంగారకుడి అసలు రంగు ఏది? ఒక్కొక్కరి పనోరమా ఒక్కో రంగులో ఉందేంటి?

ఎందుకంటే "అసలు రంగు" అన్నప్పుడు అందరూ ఒకటే అడగడం లేదు.

మొదటి పద్ధతి: అక్కడ నిలబడితే మన కంటికి ఎలా కనిపిస్తుందో అలా. అంగారకుడికి చేరే సూర్యరశ్మి భూమికి చేరే దానిలో 43 శాతం. గాలిలో ఎప్పుడూ సన్నటి ధూళి తేలుతుంటుంది. ఆ ధూళిలోని ఇనుము ఆక్సైడ్ నీలాన్ని మింగేస్తుంది. అందుకే పగటి ఆకాశం లేత గోధుమ నారింజ రంగులో ఉంటుంది, నేల మీద పడే వెలుతురుకూ అదే ఛాయ అంటుతుంది. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచినప్పుడు ఊరంతా పసుపు పట్టినట్టు కనిపిస్తుందే, అక్కడ మామూలు రోజు కూడా దాదాపు అంతే. ఈ పద్ధతిలో చేసిన పనోరమా మొదట చూడగానే చప్పగా, ఒకే రంగులో ఉన్నట్టు అనిపిస్తుంది.

రెండోది వైట్ బ్యాలెన్స్. ఆ రాళ్లనే భూమి మీద పగటి వెలుతురులో పెడితే ఎలా ఉంటాయో అలా చూపించడం. భూగర్భ శాస్త్రవేత్తలకు ఇదే ఇష్టం, ఎందుకంటే ఇక్కడి రాళ్లను చూసిన అలవాటుతో అక్కడి రాళ్లను పోల్చుకోవచ్చు. ఇందులో ఆకాశం నీలంగా మారిపోతుంది. అది నిజమైన నీలాకాశం కాదు, తెలుపును సరిచేసినందుకు వచ్చిన ఫలితం. చూసేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

మూడోది ఫాల్స్ కలర్. రాళ్ల మధ్య ఉన్న చిన్న తేడాలు కొట్టొచ్చినట్టు కనిపించేలా రంగులను సాగదీయడం. ఆపర్చునిటీ దిగిన మెరిడియానీ మైదానంలో కనిపించిన హెమటైట్ గుండ్లు ఆ పద్ధతిలో నీలి గోళీల్లా కనబడతాయి. నిజానికి అవి బూడిద రంగు.

మూడూ తప్పు కాదు. ఏది చేశారో చెప్పకపోవడం తప్పు. ఒకే పనోరమాలో నేలకు ఒక పద్ధతి, ఆకాశానికి ఇంకో పద్ధతి వాడి "సహజ రంగు" అని రాసేవాళ్ల మీద మాత్రం నాకు కోపం.

సూర్యాస్తమయం ఇంకో వింత. అక్కడ సూర్యుడి చుట్టూ నీలి కాంతి ఉంటుంది. ధూళి కణాలు నీలి వెలుతురును సూర్యుడి దిశలోనే ఎక్కువగా ముందుకు పోనిస్తాయి. ఆ నీలాన్ని చూసి పొరపాటు అనుకుని నారింజకు మార్చేవాళ్లున్నారు. మార్చకండి.

నాసా రంగులు మార్చి మోసం చేస్తోందని వాట్సాప్‌లో వస్తుంటుంది. నిజమా?

2004లో ఈ గొడవ పెద్దదే అయింది. స్పిరిట్, ఆపర్చునిటీల మీద రంగులు సరిచూసుకోవడానికి ఒక చిన్న పలక ఉంది. మధ్యలో నీడగడియారం పుల్ల, చుట్టూ బూడిద వలయాలు, నాలుగు మూలల్లో నాలుగు రంగు బిళ్లలు. కొన్ని ఫొటోల్లో నీలం బిళ్ల గులాబీ ఎరుపులో కనిపించింది. "చూశారా, పట్టుబడ్డారు" అన్నారు.

జరిగింది ఇది. ఆ నీలం రంగులోని కోబాల్ట్ పరారుణాన్ని బాగా తిప్పికొడుతుంది. ఎల్2 ఫిల్టర్‌లో ఆ బిళ్ల తెల్లగా మెరుస్తుంది. ఎల్2ను ఎరుపు స్థానంలో పెడితే నీలం బిళ్ల ఎర్రబడక తప్పదు. అదే దృశ్యాన్ని ఎల్4తో కలిపితే బిళ్ల మళ్లీ నీలమే. దాన్ని మీరే డౌన్‌లోడ్ చేసుకుని, కలిపి చూసుకోవచ్చు. వాట్సాప్ వాదన కంటే ఆ గంట పని మేలు.

అసలు పొరపాటు జరిగింది అంతకు చాలా ముందు. 1976 జూలైలో వైకింగ్ 1 దిగిన మర్నాడు విడుదలైన మొదటి రంగు ఫొటోలో ఆకాశం భూమి మీదలా నీలంగా వచ్చింది. రంగులు సరిచూసుకున్నాక అది లేత గులాబీ గోధుమ రంగుకు మారింది.

రంగు పలక మీద కూడా కాలం గడిచేకొద్దీ ధూళి పేరుకుంటుంది. అందుకే క్యూరియాసిటీ పలక కింద అయస్కాంతాలు అమర్చారు. అవి ధూళిని ఒక చోటికి లాగి, పక్కన కాస్త శుభ్రమైన భాగాన్ని మిగులుస్తాయి. పలక ఫొటో దొరికితే ఆ శుభ్రమైన భాగాన్నే ఆధారం చేసుకోండి.

ఆపర్చునిటీ చివరి పనోరమాలో కొన్ని ముక్కలు నలుపు తెలుపులో ఉన్నాయి. రంగు వేయలేదా?

వేయడానికి ఫొటోలు లేవు. 2018 మే 13 నుంచి జూన్ 10 దాకా ఎండెవర్ బిలం అంచున, పర్సెవరెన్స్ అనే పేరున్న లోయలో తీసిన 354 ఫొటోల కూర్పు అది. అప్పుడే గ్రహమంతా ధూళి తుఫాను కమ్మింది. సౌర ఫలకాలకు వెలుతురు అందక రోవర్ ఆగిపోయింది. కొన్ని దిక్కుల్లో ఆకుపచ్చ, ఊదా ఫిల్టర్లతో తీసే సమయం దొరకలేదు. ఆ ముక్కలకు పక్క ఫ్రేముల నుంచి రంగు పూయడం పెద్ద పనేం కాదు. అయినా అధికారిక కూర్పులో వాటిని అలాగే ఉంచారు, నాకది సరైన పని అనిపిస్తుంది.

మరి ఆకాశంలో ఖాళీలు నింపొచ్చా?

శాస్త్రవేత్తలకు ఆకాశం అవసరం తక్కువ, అందుకే ఫ్రేములు కొండల పైన కొద్దిగా ఆగిపోతాయి. పైన రంపం పళ్లలా ఖాళీ మిగులుతుంది. గోడకు తగిలించుకునే ప్రింటు కోసం ఆ ఖాళీని పక్కనున్న ఛాయతో నింపుకోవచ్చు, నేనూ నింపుతాను. కింద "ఆకాశంలో పై భాగం నింపినది" అని ఒక ముక్క రాస్తే చాలు. మేఘాలు గీయడం, నేల మీది ఖాళీలో వేరే చోటి రాళ్లు అతికించడం మాత్రం వద్దు.

ఏఐతో ఫొటో పెద్దది చేయవచ్చా?

వద్దు. లేని గులకరాళ్లను అది పుట్టిస్తుంది. రేపు ఎవరో వాటిని చూసి శిలాజం దొరికిందంటారు.

రోవర్ సెల్ఫీలో చెయ్యి కనబడదు. ఎవరు తీశారు?

రోవరే. సెల్ఫీ కూడా ఒక పనోరమానే. క్యూరియాసిటీ చేతి చివర ఉన్న మాహ్లీ కెమెరాతో 2012 అక్టోబర్ 31న తీసిన 55 ఫొటోలను అతికించి మొదటి పెద్ద సెల్ఫీ చేశారు. పర్సెవరెన్స్ 2021 ఏప్రిల్ 6న ఇంజెన్యూటీ హెలికాప్టర్‌తో కలిసి దిగిన సెల్ఫీకి 62 ఫొటోలు. కెమెరా స్థానం మారుతున్నప్పుడల్లా చెయ్యి కూడా కదులుతుంది, కాబట్టి ఒక ఫ్రేములో చెయ్యి అడ్డొచ్చిన చోటు ఇంకో ఫ్రేములో ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్నవే ఎంచుకుంటే చెయ్యి మాయమవుతుంది. జాగ్రత్తగా చూస్తే భుజం దగ్గర అది తెగిపోయిన చోటు, కొన్నిటిలో నేల మీద దాని నీడ కనిపిస్తాయి.

మనవాళ్ల మంగళయాన్ ఫొటోలతో ఇలా చేయలేమా?

పనోరమా చేయలేం, ఎందుకంటే మంగళయాన్ నేల మీదికి దిగలేదు. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి, 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. అందులోని మార్స్ కలర్ కెమెరా అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో తయారైంది. దీని సెన్సర్ కూడా బేయర్ వల ఉన్నదే. మంగళయాన్ కక్ష్య బాగా సాగిన అండాకారంలో ఉండేది, దూరంగా వెళ్లినప్పుడు దాదాపు 77 వేల కిలోమీటర్లు. అందుకే మొత్తం గ్రహాన్ని ఒకే ఫ్రేములో పట్టే ఫొటోలు అది తీయగలిగింది. దగ్గర కక్ష్యలో తిరిగే నౌకలకు అది కుదరదు. ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే డేటా తీసుకోవచ్చు. రంగుల పని నేర్చుకోవడానికి అవి బాగా పనికొస్తాయి.

ఈ పని వల్ల సైన్సుకేమైనా లాభం ఉందా, లేక అందం కోసమేనా?

చాలావరకు అందం కోసమే, ఒప్పుకోవాలి. కానీ ఇన్ని కళ్లు రోజూ ఫొటోలు చూస్తుంటే ఏదీ తప్పించుకోదు. 2014 జనవరిలో ఆపర్చునిటీ ముందు అంతకుముందు లేని ఒక రాయి ప్రత్యక్షమైంది. మధ్యలో ఎర్రగా, చుట్టూ తెల్లగా ఉన్న ఆ రాయికి పినకిల్ ఐలాండ్ అని పేరు పెట్టారు. ప్రపంచమంతా పాత, కొత్త ఫొటోలను పక్కపక్కన పెట్టి చూసుకుంది. చివరికి రోవర్ చక్రం కిందపడి పగిలిన రాతి ముక్క ఎగిరి పడిందని తేలింది. గ్రహాంతరవాసులను ఆశించినవాళ్లు నిరాశపడ్డారు. గురుగ్రహం దగ్గరున్న జునో నౌకలో అయితే కెమెరా ఫొటోల ప్రాసెసింగ్‌ను మొదటి నుంచీ ప్రజల చేతికే వదిలారు.

సెట్‌లో కొన్ని ఫొటోలు చిన్నవిగా, మసకగా ఉన్నాయి. వాటినే వాడాలా?

ఆగండి. రోవర్ ముందు నమూనా బొమ్మలు పంపుతుంది, పూర్తి ఫ్రేములు తర్వాత వస్తాయి. అవి అంగారకుడి చుట్టూ తిరిగే నౌకల ద్వారా భూమికి చేరాలి, ఆ నౌకలు తల మీదుగా వెళ్లే సమయం కొద్దిసేపే. దారి చూసుకోవడానికి కావాల్సినవి ముందు దిగుతాయి, పనోరమా ఫ్రేములకు తొందర లేదు కాబట్టి అవి రోజులు, వారాలు ఆలస్యమవుతాయి. సెట్ మొత్తం వచ్చిందో లేదో చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఎంత కంప్యూటర్ కావాలి? ఫోన్‌లో అవుతుందా?

నాలుగైదు ఫ్రేములైతే ఏ ల్యాప్‌టాప్ అయినా చాలు. వందల ఫ్రేములైతే ర్యామ్ 16 జీబీ ఉంటే నయం, డిస్కులో ఖాళీ బాగా ఉండాలి. ఫోన్‌లో రంగులు సరిచేసుకోవచ్చు, అతికించే పని పెట్టుకోకండి.

పనోరమా పూర్తయింది. కింద ఏం రాయాలి? ప్రింట్లు అమ్ముకోవచ్చా?

నాసా ఫొటోలకు సాధారణంగా కాపీరైట్ ఉండదు, కానీ ఎవరి కెమెరాతో తీసినవో చెప్పడం ఆనవాయితీ. క్యూరియాసిటీ మాస్ట్‌క్యామ్ అయితే నాసా, జేపీఎల్-కాల్‌టెక్, ఎంఎస్ఎస్ఎస్ (మాలిన్ స్పేస్ సైన్స్ సిస్టమ్స్). పర్సెవరెన్స్ మాస్ట్‌క్యామ్-జెడ్ అయితే వాటికి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పేరు కూడా చేరుతుంది. పాన్‌క్యామ్ అయితే ఎంఎస్ఎస్ఎస్ బదులు కార్నెల్ యూనివర్సిటీ. వాటి తర్వాత ప్రాసెసింగ్ చేసినవారిగా మీ పేరు. దాంతో పాటు రోవర్ పేరు, సోల్ సంఖ్య, ఏ ఫిల్టర్లు వాడారు, రంగు ఏ పద్ధతిలో చేశారు, ఏమైనా నింపారా అన్నవి రాయండి. సోల్ సంఖ్య ఉంటే ఇంకొకరు అవే ఫ్రేములు తెచ్చుకుని మీ పనిని సరిచూసుకోగలరు.

ప్రింట్లు అమ్ముకోవచ్చు. నాసా లోగో పెట్టకూడదు, నాసా మీ పనిని ఆమోదించినట్టు అనిపించేలా రాయకూడదు. ఇంకో ఔత్సాహికుడు అతికించిన పనోరమాను తీసుకుని మీ పేరుతో అమ్మడం మాత్రం కుదరదు. ముడి ఫొటో అందరిదైనా ఆ కూర్పు అతనిది, ముందు అడగాలి. ఐరోపా, చైనా, భారత్ సంస్థల ఫొటోలకు నియమాలు వేరు, ప్రింటుకు ఇచ్చే ముందు ఆయా సంస్థల పేజీల్లో చదువుకోండి.